కనిపించినదెల్లా కారణమేనా?
దీర్ఘకాల సైనస్ వ్యాధి మూలాన్వేషణ నేర్పుతున్న పాఠం

వర్షాలు వెనుకబడి మంచు మొదలయ్యే రోజులలో మా వైద్యశాల ముంగిట కూర్చునే వారిలో సగం మంది చెప్పే మొదటి మాట ఒక్కటే: “నాకు సైనస్ ఉన్నదండీ.” తలనొప్పి వచ్చినా సైనసే, తుమ్ములు వచ్చినా సైనసే, ఉదయం లేవగానే గొంతులో కఫం తగిలినా సైనసే. నిజానికి సైనస్ అనేది వ్యాధి పేరు కాదు. అది ప్రతి మనిషికీ పుట్టుకతో వచ్చిన ఎముకల మధ్య గాలి గది. కన్ను ఉన్నదని చెప్పుకోవడం ఎట్టి రోగమూ కానట్లే సైనస్ ఉన్నదని చెప్పుకోవడమూ రోగం కాదు. అయితే ఆ గదుల లోపలి పొర వాచి, నెలల తరబడి తగ్గకుండా ఉంటే అది నిజంగానే మనిషిని కుంగదీసే వ్యాధి. వాసన పోతుంది, నిద్ర చెడుతుంది, పనిలో మనసు నిలువదు. ఇంతమందిని బాధించే ఈ వ్యాధికి మూలమేమిటి, దానిని గుర్తించుట ఎట్లు అను ప్రశ్నలపై గత పాతికేళ్లలో జరిగిన పరిశోధన ఆయుర్వేదాభిమానులమైన మనకు కూడా ఒక గట్టి పాఠం నేర్పుతున్నది. ఆ పాఠం కొందరికి రుచింపకపోవచ్చును. అయినా చెప్పవలసినదే.

నాలుగు జతల గదులు

ముందుగా అసలు నిర్మాణం చూద్దాం. ముక్కుకు ఇరువైపులా, చెంపల ఎముకలలో ఒక జత, నుదుటి ఎముకలో ఒక జత, రెండు కళ్ల నడుమ జల్లెడవంటి చిన్న గదుల సమూహం ఒక జత, వాటికి వెనుక, కపాలం అడుగున ఒక జత – ఇలా నాలుగు జతల గాలి గదులున్నవి. వీటన్నింటికీ లోపల పలుచని పొర ఉన్నది. ఆ పొరపై కంటికి కనబడని సూక్ష్మ రోమాలు నిరంతరం కదలుతూ, ఊరిన శ్లేష్మాన్ని ఒక నిర్ణీత మార్గంలో సన్నని ద్వారం వైపు నెట్టుతుంటాయి. చెంప ఎముకలోని గదికి ద్వారం అడుగున లేదు, పైభాగాన ఉన్నది. అనగా అక్కడి శ్లేష్మం పల్లానికి పారేది కాదు, ఎత్తుకు ఎక్కించబడేది. ఆ రోమాల పని కుంటుపడినా, ద్వారం మూసుకున్నా, నీరు నిలిచిన బావి వలె గది చెడుతుంది.

ఆస్ట్రియా దేశంలోని గ్రాజ్ నగరానికి చెందిన వైద్యుడు మెస్సర్‌క్లింగర్ ఈ శ్లేష్మ మార్గాలను ఏళ్ల తరబడి పరిశీలించి, ముక్కు లోపలికి సన్నని ఎండోస్కోపు గొట్టాన్ని పంపి చూచే పద్ధతికి బలమైన పునాది వేశాడు. పెద్ద గదులలో కనిపించే చెడుకు మూలం చాలాసార్లు ఆ గదులలో ఉండదనీ, వాటి ద్వారాలు కలిసే ఇరుకు సందులో ఉంటుందనీ ఆయన పరిశీలన తేల్చింది. 1980ల నుండి ప్రపంచమంతటా సైనస్ శస్త్రచికిత్స తీరు మారిపోవడానికి ఇదే ఆధారం. రోగం కనిపించే చోటు వేరు, పుట్టే చోటు వేరు కావచ్చునన్న ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనగలరు. ముందు ముందు దీనితోనే పని ఉన్నది.

1999: బూజు మీద నేరారోపణ

1999 సెప్టెంబరులో అమెరికాలోని రోచెస్టర్ నగరపు మేయో క్లినిక్ వైద్యులు పొనికావు, షెరిస్, కెర్న్ తదితరులు ఒక పరిశోధనా పత్రం ప్రకటించారు. దీర్ఘకాల సైనస్ వ్యాధితో వచ్చిన 210 మంది ముక్కులను ఉప్పునీటితో కడిగి, ఆ శ్లేష్మాన్ని వారు ప్రత్యేక పద్ధతిలో పరీక్షించారు. 202 మందిలో, అంటే నూటికి 96 మందిలో, శిలీంధ్రాలు కనిపించాయి. శిలీంధ్రమంటే మన ఇళ్లలో తడిగోడల మీద, నిలవ ఊరగాయ మీద, పాత రొట్టె మీద పట్టే బూజు జాతి. శస్త్రచికిత్స చేయించుకొన్న 101 మందిలో 94 మంది శ్లేష్మంలో బూజుతో పాటు, ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గుంపులుగా చేరిన ఆనవాళ్లు కూడా ఉన్నవి. అంతవరకు ఈ వ్యాధిలో శిలీంధ్రాల పాత్ర స్వల్పమని భావించేవారు. ఈ పత్రంతో ఆ అంచనా తలకిందులైంది. దీర్ఘకాల సైనస్ వ్యాధికి మూలం దొరికినదన్న వార్త దేశదేశాల పత్రికలలో వెలువడింది.

ఆ వార్త చదివి సంతోషించిన వారిలో నేనూ ఒకడిని. రోగులకు చెప్పడానికి సులువైన మాట దొరికినది. ఇంట్లో బూజు ఉన్నదా, ముక్కులో బూజు చేరినదా, దాన్ని తరిమితే సరి. కాని అదే పత్రంలో మరొక అంకె ఉన్నది. పోల్చి చూచుటకు తీసుకున్న 14 మంది ఆరోగ్యవంతుల ముక్కులలో కూడా, 14కు 14 మందిలోనూ, శిలీంధ్రాలు కనిపించాయి. వార్త చదివిన వారిలో ఎందరు ఆ అంకె దగ్గర ఆగి ఆలోచించారు? నేను ఆగలేదు.

పరిశోధకుల పట్ల న్యాయంగా మాట్లాడాలంటే వారు ఈ విషయాన్ని దాచలేదు. బూజు అందరిలోనూ ఉన్నా, రోగుల దేహం మాత్రమే దానిపై తిరగబడుతున్నదని, ఆ తిరుగుబాటే వ్యాధి అని వారి వాదం. వాదంలో పస ఉన్నది. కాని వాదంలో పస ఉండడం వేరు, అది రుజువు కావడం వేరు.

రుజువు కోసం వెదకితే

2003లో గ్రాజ్ నగరంలోనే మరొక వైద్య బృందం 92 మంది రోగులను, 23 మంది ఆరోగ్యవంతులను అదే తీరున పరీక్షించింది. రోగులలో నూటికి 91 మందికి బూజు కనిపించింది. ఆరోగ్యవంతులలో? వారిలోనూ నూటికి 91 మందికే. గాలి పీల్చే ప్రతి ముక్కులోనూ గాలిలోని బూజు బీజాలు చేరి ఉంటాయన్నమాట. వాకిట దుమ్ము అందరి పాదాలకూ అంటుతుంది. దొంగ పాదానికి దుమ్ము ఉన్నదని చెప్పి దుమ్మునే దొంగ అనగలమా?

కారణాన్ని నిర్ధారించడానికి ఇంకొక దారి ఉన్నది. బూజును చంపే మందు ముక్కులో వేసి, వ్యాధి తగ్గుతుందో లేదో చూడడం. జర్మనీలో 2004లో 60 మందిపై జరిగిన పరీక్షలో ఆంఫోటెరిసిన్ అనే శిలీంధ్రనాశక మందును పిచికారీ చేశారు. మందు లేని ద్రవం వేసుకున్నవారికంటే వారికి అదనపు మేలేమీ కనబడలేదు. 2005లో మేయో క్లినిక్ బృందమే చిన్న పరీక్ష జరిపింది. స్కానులో పొర వాపు కొంత తగ్గినదని వెల్లడించింది. ఆశ మళ్లీ చిగురించింది. 2006లో యూరప్‌లోని పలు కేంద్రాలు కలిసి 116 మందిపై 13 వారాలపాటు అదే మందుతో ముక్కు కడిగించి చూచాయి. ఎవరికి మందు, ఎవరికి ఉత్త ద్రవం అన్నది రోగికీ తెలియదు, వైద్యునికీ తెలియదు. ఫలితం: రెండు వర్గాల మధ్య భేదం లేదు. 2018లో ఇట్టి పరీక్షలన్నింటినీ ఒకచోట చేర్చి సమీక్షించిన కొక్రేన్ సంస్థకు కూడా ఈ మందులతో ప్రయోజనమున్నదని చెప్పడానికి తగిన ఆధారం దొరకలేదు. 2020 నాటి యూరోపియన్ నిపుణుల మార్గదర్శకాలు సాధారణ దీర్ఘకాల సైనస్ వ్యాధికి శిలీంధ్రనాశకాలు వాడవద్దనే సూచించాయి.

దీనివల్ల శిలీంధ్రానికి ఈ వ్యాధితో ఎట్టి సంబంధమూ లేదని తేలిందా? అట్లు కాదు. శిలీంధ్రంపై దేహం విపరీతంగా స్పందించి, జిగురు వంటి చిక్కని శ్లేష్మంతో గదులు నిండిపోయే ప్రత్యేకమైన వ్యాధి ఒకటి ఉన్నది. అది మన దేశంలో అరుదు కాదు. గదిలో బూజు ఉండగా చేరే వ్యాధి మరొకటి. మధుమేహ రోగులను కబళించే ప్రాణాంతక శిలీంధ్ర వ్యాధి వేరొకటి. కాని “దీర్ఘకాల సైనస్ వ్యాధి అంతటికీ బూజే మూలం” అన్న మాట మాత్రం నిలువలేదు. నిలువకపోవడం విజ్ఞానానికి అవమానం కాదు. తాను చెప్పిన మాటను తానే పరీక్షించి, తప్పని తేలితే ఒప్పుకొనడమే విజ్ఞానం. ఆ పని ఏడేళ్లలో జరిగిపోయినది. అది మెచ్చదగిన విషయం.

సుశ్రుతుని క్రిములు, మన గొప్పలు

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో నాసారోగాలకూ, వాటి చికిత్సకూ, ప్రతిశ్యాయానికీ విడివిడిగా అధ్యాయాలున్నవి. అక్కడ 31 నాసారోగాలు లెక్కించబడినవి. ప్రతిశ్యాయం అయిదు విధాలు. దానికి హేతువులుగా పొగ, ధూళి, చలి, అతి వేడి, మలమూత్ర వేగాలను ఆపుకోవడం వంటివి చెప్పబడ్డాయి. సకాలంలో చికిత్స లేని ప్రతిశ్యాయం దుష్టప్రతిశ్యాయంగా మారి, వాసన తెలియక, దుర్గంధంతో, ఒకప్పుడు మూసుకొని ఒకప్పుడు తెరుచుకొని బాధిస్తుందన్న వర్ణన చదివితే నేటి రోగినే చూస్తున్నట్లుంటుంది. అందులోనే తెల్లని, నునుపైన, సూక్ష్మమైన క్రిములు పుట్టే ప్రస్తావన కూడా ఉన్నది.

1999 వార్త వచ్చిన నాటి నుండి మనలో కొందరు ఉపన్యాసాలలో, “చూడండి, మేయో క్లినిక్ ఈనాడు కనుగొన్న బూజును సుశ్రుతుడు ఏనాడో చెప్పాడు” అని చెప్పుకుంటూ వచ్చారు. ఆ గొప్ప చెప్పుకోవడంలోని చిక్కును గమనించండి. పాశ్చాత్యుల వాదం నిలిచినప్పుడు మన ఋషి గెలిచినట్లయితే, ఆ వాదం కూలినప్పుడు మన ఋషి ఓడినట్లే కదా! సుశ్రుతునికి ఇట్టి పందెం కట్టే హక్కు మనకెవరిచ్చారు? ఆయన చూచినది చూచినట్లు వ్రాశాడు. కుళ్లిన ముక్కులో ఈగ గుడ్ల నుండి పుట్టే పురుగులను ఆ కాలపు వైద్యులు చూచి ఉండవచ్చును, మరొకటి చూచి ఉండవచ్చును. సూక్ష్మదర్శినిలో కనిపించే శిలీంధ్రానికి ఆ మాటను అంటగట్టడం ఆయనను గౌరవించడం కాదు. ఆయన పేరును వాడుకోవడం మాత్రమే.

అసలు గౌరవించవలసినది వేరే ఉన్నది. ముందు రోగాన్ని పరీక్షించాలి, తరువాతనే ఔషధాన్ని ఆలోచించాలి, ఆ పిదప చికిత్సకు పూనుకోవాలి అని చరకుడు సూత్రస్థానంలో క్రమం విధించాడు. మన ఆచరణలో ఈ క్రమం తరచు తిరగబడుతున్నది. ఔషధం ముందు, పేరు తరువాత, పరీక్ష అసలే లేదు.

గుర్తించుట ఎట్లు?

నేటి నిపుణుల ఒప్పందం ప్రకారం దీర్ఘకాల సైనస్ వ్యాధి అనుటకు రెండు షరతులు నెరవేరాలి. మొదటిది లక్షణాలు. ముక్కు దిబ్బడ, ముక్కు నుండి ముందుకు గాని గొంతులోకి గాని చీమిడి కారుట – ఈ రెంటిలో ఒకటైనా తప్పక ఉండాలి. దానికి తోడు ముఖంలో నొప్పి లేక ఒత్తిడి, వాసన తగ్గుట వంటివి కలిసి కనీసం రెండు లక్షణాలు 12 వారాలకు తక్కువ కాకుండా ఉండాలి. రెండవది సాక్ష్యం. ఎండోస్కోపుతో చూచినప్పుడు చీము, పొర వాపు, లేక పాలిప్స్ అనే కండ గుత్తులు కనిపించాలి. లేదా సీటీ స్కానులో మార్పులు తేలాలి.

ఈ రెండూ కలవాలన్న మాటను మరువరాదు. ఏ ఒక్కటీ చాలదు. సైనస్ బాధ లేని వారికి వేరే కారణంతో స్కాను తీస్తే కూడా నూటికి సుమారు నలభై మందిలో ఏదో ఒక మార్పు కనిపించినట్లు 1988లో వెలువడిన ఒక పరిశీలన తెలిపింది. మామూలు జలుబు సమయంలో తీసిన స్కానులోనూ గదులు నిండుగా కనిపిస్తాయి. అనగా స్కాను కాగితం మీద “సైనసైటిస్” అని వ్రాసి ఉన్నంత మాత్రాన శస్త్రచికిత్సకు పరుగెత్తవలసిన పని లేదు. బూజు సంగతిలో చూచినదే ఇక్కడ మరల చూస్తున్నాము. కనిపించడం వేరు, కారణం కావడం వేరు.

ఇక తలనొప్పి. అమెరికాలో తమకు సైనస్ తలనొప్పి ఉన్నదని నమ్ముతున్న 2991 మందిని పరీక్షించిన అధ్యయనం 2004లో వెలువడింది. వారిలో నూటికి 88 మందికి ఉన్నది మైగ్రేన్ తరహా తలనొప్పి, అనగా మనవారు పార్శ్వపు నొప్పి అని పిలిచేది. మైగ్రేన్ వచ్చినప్పుడు కూడా ముక్కు కారవచ్చును, కళ్లలో నీరు రావచ్చును, చెంపల మీద ఒత్తిడి తోచవచ్చును. వెలుతురు సహించకపోవడం, వాంతి వచ్చినట్లుండడం, కదిలితే నొప్పి హెచ్చడం ఉన్నప్పుడు అది సైనస్ కాకపోవచ్చునని అనుమానించాలి. అట్టివారికి ఏళ్ల తరబడి ఆవిరి పట్టించి, యాంటీబయాటిక్ బిళ్లలు మింగించి ప్రయోజనమేమి?

నా తప్పు

పరులకు చెప్పే ముందు నా సంగతి చెప్పవలసి ఉన్నది. సుమారు పదిహేనేళ్ల క్రిందట ఒక ఉపాధ్యాయురాలు నా వద్దకు వచ్చింది. వయస్సు నలభై దాటి ఉంటుంది. ఎడమ ముక్కు నుండి పసుపుపచ్చని చీమిడి, దుర్వాసన. పాఠం చెప్పేటప్పుడు ముందు వరుస పిల్లలు ముఖం పక్కకు తిప్పుకుంటున్నారని చెబుతూ ఆమె కంట నీరు పెట్టుకున్నది. దుష్టప్రతిశ్యాయమని నిర్ణయించి నస్యకర్మ చేశాను, కషాయాలిచ్చాను. బూజు వార్త నా తలలో నిలిచి ఉన్నందున ఇంటి గోడలకు సున్నం వేయించమన్నాను, పాత పరుపులు పారవేయమన్నాను. పెరుగు మాన్పించాను, అరటిపండు మాన్పించాను. ఎనిమిది నెలలు ఆమె నేను చెప్పినదంతా తూచా తప్పక చేసింది. ఒక్కొక్కసారి కొంత తగ్గేది, మరల మొదటికే వచ్చేది.

చివరకు ఒకనాడు పై దవడ ఎడమ దంతం నొప్పి పుట్టి ఆమె దంతవైద్యుని వద్దకు పోయినది. ఎక్స్‌రేలో తేలినదేమనగా, పై దవడ దంతపు వేరు కుళ్లి, ఆ చీము పైనున్న సైనస్ గదిలోకి చేరుతున్నది. దంతానికి చికిత్స జరిగిన కొద్ది వారాలలో ముక్కు బాగుపడింది. ఆ మాట చెప్పడానికి ఆమె మిఠాయి పొట్లంతో వచ్చింది. “మీరు పళ్లు చూపించమని ఒక్క మాట అని ఉంటే ముందే వెళ్లేదాన్ని డాక్టరు గారూ” అన్నది. నిందగా అనలేదు. మామూలుగానే అన్నది. అందుకే ఆ మాట నన్ను నేటికీ వదలలేదు.

పై దవడ వెనుక దంతాల వేర్లు చెంపలోని సైనస్ గది అడుగును తాకినట్లుగా ఉంటాయని శరీర నిర్మాణం చదివిన ప్రతి వైద్యునికీ తెలుసు. నాకూ తెలుసు. ఒక్క పక్కనే దుర్వాసనతో చీమిడి కారుతున్నప్పుడు దంతాలను, లోపల పెరిగిన గడ్డలను, పిల్లలలోనైతే ముక్కులో దూర్చుకున్న గింజలను, బలపం ముక్కలను ముందు అనుమానించాలి. నేను వ్యాధిని చూడలేదు. నేను చదివిన వార్తను ఆమె ముక్కులో చూచాను.

ఒకే పేరు, పలు వ్యాధులు

పరిశోధన నేడు ఏ దశలో ఉన్నది? దీర్ఘకాల సైనస్ వ్యాధి ఒక్క వ్యాధి కాదని, ఒకే పేరు క్రింద చేరిన పలు వ్యాధులని నిపుణులు అంగీకరిస్తున్నారు. కండ గుత్తులతో కూడినది ఒకటి, అవి లేనిది ఒకటి. ఇయోసినోఫిల్స్ కణాలు విజృంభించేది ఒకటి, చీము కణాలు విజృంభించేది ఒకటి. ఉబ్బసంతోను, ఆస్పిరిన్ వంటి నొప్పి బిళ్లలు పడకపోవడంతోను కలిసి వచ్చేది ఇంకొకటి. పొర మీద సూక్ష్మజీవులు జిగురు పొరలుగా స్థిరపడడం, పొర కట్టుబాటు సడలడం, పొగ, ధూళి – వీటిలో ఏది ఎవరిలో ఎంతవరకు అన్నది వేరువేరుగా చూడవలసినదే. కండ గుత్తులతో కూడిన తీవ్ర వ్యాధికి 2019లో అమెరికాలో అనుమతి పొందిన డుపిలుమాబ్ అనే ఇంజక్షను కూడా ఒక రకం వాపు గలవారికే పని చేసేది, అందరికీ కాదు. అది సామాన్యులు భరించగల ఖరీదూ కాదు.

రోగిని బట్టి, ప్రకృతిని బట్టి, దోషాన్ని బట్టి చికిత్స మారాలని చెప్పే ఆయుర్వేదానికి ఈ ఆలోచన పరాయిది కాదు. కాని అదే ఆయుర్వేదం పేరిట వాతజ, పిత్తజ, కఫజ భేదమైనా చూడక “సైనస్‌కు దివ్యౌషధం” అంటూ ఒకే సీసాను అందరికీ అమ్ముతున్నాము. ఇది ఎవరి శాస్త్రం?

గృహ చికిత్సలు: ఏది నిలిచింది?

ఈ పత్రిక పాఠకులు ఎదురుచూచేది ఇంటి వైద్యం గనుక ఆ మాటా చెబుతాను. ఉప్పునీటితో ముక్కు కడుగుట, అనగా జలనేతి, పరీక్షకు నిలిచినది. 2002లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో 76 మందిపై ఆరు నెలలు జరిగిన పరీక్షలో ప్రతిరోజూ కడుక్కున్నవారికి బాధ తగ్గింది, మందుల వాడకం తగ్గింది. 2016లో ఇంగ్లండులో 871 మందిపై జరిగిన పరీక్షలో కూడా ఉప్పునీటి వల్ల కొంత మేలు కనిపించింది. అదే పరీక్షలో ఆవిరి పట్టుటను కూడా చూచారు. తలనొప్పి కొంత తగ్గుట తప్ప ఆవిరి వల్ల తక్కిన లక్షణాలలో చెప్పుకోదగిన మేలు కనబడలేదు. ఇది మనకు చేదు మాటే. ఆవిరి వల్ల తాత్కాలికమైన హాయి కలుగుతుంది, కాదనను. కాని అది వ్యాధిని కుదుర్చుననరాదు. మరుగుతున్న గిన్నె ఒలికి పిల్లలు కాలిన సందర్భాలు మనమెరుగుదుము. పసిపిల్లలకు ఆవిరి గిన్నె పెట్టనే వద్దు.

ఉప్పునీరు చేసుకొను విధము: అర లీటరు నీటిని బాగా మరిగించి, గోరువెచ్చగా చల్లార్చి, ముప్పాతిక చెంచా మెత్తని ఉప్పు, చిటికెడు వంటసోడా కలపాలి. కుళాయి నీరు, బావి నీరు, చెరువు నీరు మరిగించకుండా ముక్కులోకి ఎన్నడూ వాడరాదు. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీటితో ముక్కు కడుక్కున్న ఇద్దరు మెదడును తినే అమీబా సోకి మరణించారు. 2024, 2025 సంవత్సరాలలో కేరళలో అమీబా మెదడువాపు కేసులు వెలుగుచూచిన సంగతి పాఠకులకు తెలిసినదే. వాడిన పాత్రను ప్రతిసారీ కడిగి ఆరబెట్టవలెను.

తుమ్మి ఆకు పసరును పచ్చిగా ముక్కులో పిండుట, పసుపు కొమ్ము కాల్చి ఆ పొగ పీల్చుట మన పల్లెలలో వాడుక. పొగను, ధూళిని సుశ్రుతుడే ప్రతిశ్యాయ హేతువులలో చేర్చినప్పుడు, వాచిన పొరకు మరల పొగ పట్టించుటలో ఔచిత్యమున్నదా అని ఆలోచించండి. కడగని ఆకు పసరు లోపలి పొరను మండించి పుండు చేయగలదు. నస్యకర్మను శిక్షణ పొందిన వైద్యుని చేతనే, వ్యాధి నిర్ణయమైన పిదపనే చేయించుకొనవలెను. ముక్కు దిబ్బడకు దుకాణంలో దొరికే చుక్కల మందులను వారానికి మించి వాడితే ఆ మందే దిబ్బడకు కారణమవుతుంది.

ఈ లక్షణాలు కనిపిస్తే ఇంటి వైద్యం వెంటనే ఆపాలి: కంటి చుట్టూ వాపు, చూపు మసకబారుట లేక ఒకటి రెండుగా కనబడుట, చెంప తిమ్మిరి, ముక్కులో గాని అంగిటిలో గాని నల్లని మచ్చ, తీవ్రమైన తలనొప్పితో జ్వరం, మెడ బిగుసుకొనుట. మధుమేహం ఉన్నవారైతే ఒక్క రోజు కూడా ఆగరాదు. 2021 వేసవిలో కోవిడ్ రెండవ దశలో మ్యూకార్‌మైకోసిస్, అనగా బ్లాక్ ఫంగస్, మన దేశంలో జూన్ నెలాఖరుకు 40 వేల మందికి పైగా సోకినది. హైదరాబాదు కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిని దానికోసమే ప్రత్యేకించవలసి వచ్చింది. ముక్కు దిబ్బడే కదా అని ఇంట కాలయాపన చేసిన కొద్దీ కన్నుకు, ప్రాణానికి ముప్పు హెచ్చే వ్యాధి అది.

మనవి

హైదరాబాదు, వరంగల్లు, విజయవాడ, తిరుపతి నగరాలలో ఆయుర్వేద కళాశాలలున్నవి. దుష్టప్రతిశ్యాయంపై పట్టభద్రులు పరిశోధన చేస్తూనే ఉన్నారు. వారికి నా మనవి ఒక్కటే. నస్యం వల్ల మేలు కలుగుతుందని నేను నమ్ముతాను. కాని నా నమ్మకం రుజువు కాదు. చికిత్సకు ముందు ఎండోస్కోపుతో వ్యాధిని నిర్ధారించండి. దంతాలు చూడండి. మైగ్రేన్ రోగులను వేరు చేయండి. నస్యం పొందినవారిని ఉత్త ఉప్పునీటితో కడుక్కున్నవారితో పోల్చండి. ఎవరికి ఏ చికిత్స జరిగినదో తెలియని వ్యక్తి చేత ఫలితాన్ని కొలిపించండి. పని చేయలేదని తేలితే ఆ సంగతినీ అచ్చు వేయండి. మేయో క్లినిక్ వాదాన్ని ప్రపంచం ఎంత నిర్మొహమాటంగా పరీక్షించినదో మన చికిత్సను మనమే అంత నిర్మొహమాటంగా పరీక్షించాలి. నస్యం గెలిస్తే ఆ గెలుపును ఎవరూ కాదనలేరు.

పాఠకులకు కూడా ఒక మాట. ఇకమీదట వైద్యుని ముందు కూర్చుని “నాకు సైనస్ ఉన్నది” అనకండి. ఎన్ని వారాల నుండి ఏ బాధ ఉన్నది, ఒక పక్కనా రెండు పక్కలా, వాసన తెలుస్తున్నదా లేదా, దంతమేదైనా సలుపుతున్నదా అన్నవి చెప్పండి. వైద్యుడు ఈ ప్రశ్నలు అడగకుండానే మందు వ్రాయబోతే, మీరే అడిగించుకొనండి. ఆనాడు ఆ ఉపాధ్యాయురాలికి ఈ మాట చెప్పేవారు లేకపోయారు. చెప్పవలసిన నేనే చెప్పలేదు.